లైన్లోనే ఉండండి

రిపోర్టు మీద త్రీ ప్లస్ అని ఉంది.
బళ్లో నా పలక మీద కూడా
ఎవరూ ఇన్ని ప్లస్సులు పెట్టలేదు.

నెల్లూరు, పొగతోట, రెండో అంతస్తు.
డాక్టర్ హిమజ మందుల చీటీ వెనక్కి తిప్పి
ఒక గుండ్రం గీసింది,
దాని అంచు చుట్టూ చిన్న చిన్న కొక్కేలు.
"కణానికి ఇవి చెవులనుకోండమ్మా.
వేలల్లో ఉండాల్సినవి మీకు లక్షల్లో ఉన్నాయి.
పెరుగు, పెరుగు అని
ఒకటే కబురు లోపలికి పోతా ఉంది."

చెవులు కావు డాక్టరమ్మా, రిసీవర్లు.
కావలి ఎక్స్ఛేంజీలో పన్నెండేళ్లు
నెత్తికి ఒకటి తగిలించుకునే బతికాను,
డైరెక్ట్ డయలింగ్ వచ్చి
మమ్మల్ని బిల్లుల సెక్షన్లోకి తోసేదాకా.

ఆ బోర్డు మీరు చూసుండరు.
మనిషెత్తు చెక్క గోడ, గోడనిండా కన్నాలు,
కన్నానికో రేకు మూత.
పిలుపొస్తే మూత టపీమని పడేది.
తాడు లాగి, గుచ్చి, "కావలి" అనేదాన్ని.
హలో అనకూడదు. ఊరి పేరు చెప్పాలి, అది రూలు.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం
పిలిచినవాడెవడూ లేకుండానే మూతలు పడేవి.
తడిసిన తీగ పక్క తీగని రాసుకుని
తనలో తానే మోగేది.
లైన్‌మన్ ఖాసిం పీరా దాన్ని
దెయ్యం కాలనేవాడు.

"అదే, అచ్చం అదే," అంది హిమజ
పెన్ను మూత పంటికింద పెట్టుకుని.

ఇరవై ఒక్క రోజులకోసారి తొలి బస్సు.
కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి
ఒళ్లోని ఇడ్లీలు చల్లారిపోతాయి.
నీళ్లలాగుండే ఆ మందు
పోయీపోగానే ఎవర్నీ చంపదు.
రిసీవర్ మీద చెయ్యేసి పట్టుకుంటుంది, అంతే.
ఎంగేజ్.
ఆనక ఒంట్లోని పోలీసులకి గుమ్మం చూపిస్తుంది.

మరి నెల్లూరు లైను పడిపోతే
మద్రాసు కాలుని ఒంగోలు మీదుగా
చుట్టు తిప్పి ఇచ్చేవాళ్లం గదా,
ఇదీ అట్టా దారి మళ్లదా అని అడిగా.
హిమజ కాసేపు మాట్లాడలేదు.
"మళ్లొచ్చు. అప్పుడు లోపలి తీగ మూసే బిళ్లుంది."
ఆ తర్వాత?
"ఆ తర్వాతది వెతుకుతున్నారు."
ఆ జవాబు నాకు నచ్చింది.
ట్రంకు బోర్డు మీద నేనూ అదే చెప్పేదాన్ని:
ట్రై చేస్తున్నానండీ, లైన్లోనే ఉండండి.

గుండెకూ ఇట్టాంటి రిసీవర్లు కొన్ని ఉన్నాయంట.
వాటి నోరు కూడా మూస్తుందేమోనని
మూడు నెలలకోసారి ఎకో తీస్తారు.
కొన్ని లైన్లు ముయ్యకూడదు.

ఎనభై తొమ్మిది నవంబరు.
తుఫాను కావలి మీదకే వస్తా ఉంది.
మూతలన్నీ ఒక్కసారే పడ్డాయి,
పెనం మీద వడగళ్లు పడ్డట్టు.
నా చేతిలో మిగిలింది ఒకటే తాడు.
తుమ్మలపెంట పోస్టాఫీసు నుంచి ఎవరో పిల్లోడు,
"అమ్మా, మా నాయన పడవ..."
పెరికి, ఆర్డీవో ఆఫీసుకి గుచ్చాను. రూలు.
తెల్లారేసరికి స్తంభాలే లేవు.
ఆ పడవ సంగతి
ఇన్నేళ్లూ ఎవర్నీ అడగలేదు.
ఆ ఊరి చేపలు మాత్రం కొనను.

డ్రిప్పు దిగతా ఉంది.
ఎక్స్ఛేంజీలో సద్దు లేదంటే మాకు హడలు,
ఎక్కడో కేబులు తెగినట్టే.
ఇప్పుడు ఎడమ రొమ్మున, కోసి కుట్టిన చోట,
ఒక్క మూతా పడకూడదని
చెవి ఒగ్గి వింటా ఉండా.

నర్సు సలోమి బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది.
ఆ పిల్ల పక్క మంచం దగ్గర
నరం దొరక్క అవస్థ పడతా ఉంది.
మూడు రింగులు.
నాలుగోది మోగే లోపల, మగతలో,
నా నోరు దానంతటది పలికింది:
కావలి.